మానిటర్ తీసేశాక నాడి ఎవరు చూడాలి?

గుండె ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఇంటికి వచ్చిన రోజు ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. గౌలిపురా అయినా, యాకుత్‌పురా అయినా, శాలిబండ అయినా ఒకటే తీరు. సందులోకి కారు రాదు కాబట్టి మలుపు దగ్గరే దిగుతాడు. ఇద్దరు చెరో వైపు పట్టుకుంటే మెల్లగా నడుచుకుంటూ వస్తాడు. గడప దగ్గర దిష్టి తీస్తారు. సాయంత్రానికల్లా చుట్టాలు, పక్కింటివాళ్లు పండ్ల సంచులు పట్టుకుని దిగుతారు. ఎవరు వచ్చినా అనే మాట ఒక్కటే: 'గండం గడిచింది!'

అలా పండ్లు పట్టుకుని వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. నేను గుండె శస్త్రచికిత్స నిపుణుణ్ని కాను. పాతబస్తీలో చాలా ఏళ్లుగా రోగుల్ని చూస్తున్న మామూలు వైద్యుణ్ని. గౌలిపురాలో నాకు బాగా తెలిసిన ఒక పెద్దాయనకు బైపాస్ జరిగింది. ఇంటికి వచ్చిన మూడో రోజున చూడటానికి వెళ్లాను. చెయ్యి పట్టుకుని పలకరించాను. టీ తాగాను. ఆయన కూతురు నా ముందే అడిగింది: 'నాయినా, రాత్రి గుండె ఉరికినట్టు అయితుందన్నవ్ గదా, సారుకు చెప్పరాదు?' ఆయన నవ్వేశాడు. 'ఏం గాదు బిడ్డా. ఇంత పెద్ద ఆపరేషనైంది, జర గట్లనే ఉంటది.' నేనూ తలూపాను. చెయ్యి పట్టుకున్నాను కానీ నాడి చూడలేదు.

మరో నాలుగు రోజులకు ఆయన చేతిలోంచి టీ సాసర్ జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. షుగర్ పడిపోయిందేమోనని చక్కెర నీళ్లు తాగించి పడుకోబెట్టారు. ఆసుపత్రికి చేరేసరికి చాలా గంటలు గడిచిపోయాయి. పక్షవాతం అన్నారు. ఈసీజీ తీస్తే గుండె లయ పూర్తిగా తప్పి ఉంది. ఆ రోజు రాత్రి నేను ఆయన పాత డిశ్చార్జి కాగితాలు చదివాను. నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. 'ఆపరేషన్ తర్వాత మూడో రోజు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చింది, మందులతో సర్దుకుంది' అని దాని అర్థం. ఆ వాక్యం ఉన్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆయన బతికారు, నడుస్తున్నారు. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. అప్పటి నుంచి నాకొక అభిప్రాయం బలపడింది. గుండె ఆపరేషన్ విజయవంతమైందో లేదో తేలేది డిశ్చార్జి రోజున కాదు. మొదటి రెండు నెలల్లో రోగి నాడి మీద ఎవరో ఒకరి వేలు ఉండాలి. ఆసుపత్రిలో మానిటర్ చేసిన ఆ పని ఇంట్లో ఎవరు చేయాలో మనం ఇంతవరకు తేల్చుకోలేదు.

అసలు లయ ఎందుకు తప్పుతుంది?

గుండె కుడి పై గదిలో ఒక చిన్న కణజాలం ఉంటుంది. అది మన సొంత పేస్‌మేకర్. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు అది విద్యుత్ సంకేతం పంపుతుంది. ముందు పై గదులు, వెంటనే కింది గదులు ముడుచుకుంటాయి. ఈ వరస తప్పకపోవడమే లయ.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటే పై గదుల్లో ఆ క్రమం పోవడం. ఒక్క చోటి నుంచి రావాల్సిన సంకేతాలు అనేక చోట్ల నుంచి పుడతాయి. పై గదులు ముడుచుకోవడం మానేసి వణుకుతూ ఉంటాయి. కింది గదులకు ఏ సంకేతం అందితే దానికి కొట్టుకుంటాయి. అందుకే నాడి వేగంగా, ఏ పద్ధతీ లేకుండా నడుస్తుంది. లాల్‌దర్వాజ బోనాల ఊరేగింపు చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. డప్పు కొట్టేవాళ్లంతా ఒక్క దరువు మీద ఉంటే అడుగు దానంతట అదే పడుతుంది. ఎవరికి తోచినట్టు వాళ్లు కొడితే చప్పుడు ఎంత ఉన్నా అడుగు పడదు.

గుండె ఆపరేషన్ తర్వాత ఇది అరుదైన విషయమేమీ కాదు. బైపాస్ చేయించుకున్నవారిలో సుమారు నలుగురిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా ఇది కనిపిస్తుంది. వాల్వు ఆపరేషన్ అయితే ఇంకా ఎక్కువ. బైపాస్, వాల్వు రెండూ కలిపి చేస్తే దాదాపు సగం మందిలో రావచ్చు. ఎక్కువగా రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో వస్తుంది. ఎవరో తప్పు చేయబట్టి వచ్చేది కాదు. గుండెను తాకి, కోసి, కుట్టినప్పుడు దాని చుట్టూ ఉన్న పొరలో వాపు వస్తుంది. ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. పొటాషియం, మెగ్నీషియం తగ్గవచ్చు. ఎక్కించిన ద్రవాల వల్ల పై గదులు సాగవచ్చు. వయసు పైబడినవారిలో, ఏళ్ల తరబడి బీపీ ఉన్నవారిలో, రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ వాల్వు దెబ్బతిని ఎడమ పై గది పెద్దదైనవారిలో అవకాశం మరింత ఎక్కువ.

మంచి విషయం ఏమిటంటే చాలామందిలో ఇది తగ్గిపోతుంది. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఇలా లయ తప్పిన 523 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు వేగం మాత్రమే తగ్గించే మందులు ఇచ్చారు. రెండో జట్టుకు లయను తిరిగి తెచ్చే చికిత్స చేశారు. ఆసుపత్రిలో గడిపిన రోజుల్లో తేడా ఏమీ రాలేదు. 60 రోజులు తిరిగేసరికి రెండు జట్లలోనూ పదిమందిలో తొమ్మిది మందికి పైగా గుండె మామూలు లయలో ఉంది. కాబట్టి ఐసీయూలో లయ తప్పిందని చెబితే కుప్పకూలిపోవాల్సిన పని లేదు.

అయితే 'తగ్గిపోతుంది' అన్న మాటను మనం 'ఇక చూడక్కర్లేదు' అని అర్థం చేసుకుంటున్నాం. తప్పు అక్కడే జరుగుతోంది. పై గదులు వణుకుతున్నంతసేపూ రక్తం సాఫీగా కదలదు. ఎడమ పై గదికి ఒక చిన్న సంచి లాంటి మూల ఉంటుంది. అక్కడ రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ కదిలి మెదడుకు చేరితే పక్షవాతం. ఆపరేషన్ తర్వాత లయ తప్పినవారిలో ఆ తర్వాతి ఏళ్లలో మళ్లీ లయ తప్పే అవకాశం, పక్షవాతం వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. పైగా మళ్లీ వచ్చినప్పుడు అందరికీ దడ తెలియదు. కొందరికి నీరసం, ఆయాసం మాత్రమే ఉంటాయి. కొందరికి అవి కూడా ఉండవు.

నాడి మీంచి వేలు తీసేసిన చరిత్ర

ఈ విషయంలో మన నగరానికి ఒక పాఠం ఉంది. మదీనా వైపు నుంచి నయాపూల్ దాటగానే మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి కనిపిస్తుంది కదా. దానికంటే ముందు అక్కడ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. 1908 మూసీ వరదల్లో అది దెబ్బతింది. ఆ వరదకు ముందు ఎడ్వర్డ్ లారీ అనే బ్రిటిష్ శస్త్రవైద్యుడు అక్కడ పనిచేసేవాడు. హైదరాబాద్ మెడికల్ స్కూల్‌కూ ఆయనే పెద్ద.

అప్పట్లో ఆపరేషన్‌కు మత్తు అంటే క్లోరోఫాం. ఆ మత్తులో కొందరు ఉన్నట్టుండి చనిపోయేవారు. ముందు ఆగేది ఊపిరా, గుండా? దీని మీద ప్రపంచంలో పెద్ద వివాదం నడిచింది. మత్తు ఇచ్చే వైద్యుడు నాడిని కనిపెట్టి ఉండాలని లండన్ వైద్యులు, ఊపిరిని చూస్తే చాలని ఎడిన్‌బరో వైద్యులు వాదించేవారు. లారీ చదివింది ఎడిన్‌బరోలో. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఖర్చు పెట్టగా 1888లో ఒకసారి, 1889లో మరోసారి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు ఇక్కడే పరిశోధన చేశాయి. రెండోసారి ఒక నిపుణుణ్ని పంపమని నిజాం ప్రభుత్వం లాన్సెట్ పత్రికకు వెయ్యి పౌండ్లు ఇచ్చింది. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలాది జంతువుల మీద పరీక్షలు జరిగాయి. చివరికి తేల్చిందేమిటంటే, ముందు ఆగేది ఊపిరే, మత్తు ఇచ్చేవాడు ఊపిరిని గమనిస్తే చాలు, నాడి గురించి పట్టించుకోనక్కర్లేదు.

ఆ తీర్మానం తప్పని తర్వాత తేలింది. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు అసలు సంగతి బయటపెట్టాడు. క్లోరోఫాం మత్తు తేలికగా ఉన్నప్పుడే గుండె కింది గదులు లయ తప్పి వణికి, గుండె ఉన్నట్టుండి ఆగిపోగలదని ఆయన చూపించాడు. అది వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న పై గదుల సమస్యకంటే అది ఎన్నో రెట్లు ప్రమాదకరం. రెండూ ఒకటి కావు. కానీ పాఠం ఒకటే. లారీ అబద్ధాలకోరు కాదు, సోమరి కాదు. గాఢమైన మత్తులోనే ప్రమాదం ఉంటుందనుకుని అక్కడ వెతికాడు. అది తేలికపాటి మత్తులో దాగి ఉంది.

మనమూ అదే చేస్తున్నాం. ప్రమాదమంతా ఐసీయూలోనే ఉంటుందనుకుని అక్కడ రెప్ప వేయకుండా కాపలా కాస్తున్నాం. మంచి పనే. తర్వాత తీగలు తీసి, కాగితాలు చేతికిచ్చి, పాతబస్తీ సందులోని ఇంటికి పంపిస్తున్నాం. అక్కడ నాడి మీద ఎవరి వేలూ లేదు.

మీరు చేయగలిగిన పని

చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా యునానీ ఆసుపత్రికి వెళ్లిన పెద్దవాళ్లను అడగండి. హకీంసాబ్ ముందుగా అడిగేది చెయ్యి. 'నబ్జ్' చూడకుండా మాట మొదలుకాదు. ఆయుర్వేద వైద్యులదీ అదే అలవాటు. నాడి పట్టుకుని సకల రోగాలూ చెప్పేయవచ్చని నేను అనను. కానీ గుండె లయ తప్పిందా లేదా అన్న అనుమానం తెచ్చుకోవడానికి మూడు వేళ్లు, ఒక గడియారం చాలు. దానికి చదువు అక్కర్లేదు. ఇంట్లో ఎవరైనా నేర్చుకోవచ్చు.

రోగిని ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి. అరచెయ్యి పైకి పెట్టించి, మణికట్టు దగ్గర బొటనవేలి వైపున మీ చూపుడు, నడిమి, ఉంగరం వేళ్లు ఆనించండి. మీ బొటనవేలు వాడకండి. దానికీ సొంత నాడి ఉంటుంది. పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించడం ఇక్కడ పనికిరాదు. లయ తప్పినప్పుడు పావు నిమిషానికీ పావు నిమిషానికీ పొంతన ఉండదు. క్యాలెండర్ మీద రెండే రాయండి: ఎన్నిసార్లు కొట్టుకుంది, సమంగా ఉందా తప్పుతోందా. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, రెండు నెలల పాటు.

అప్పుడప్పుడూ ఒక దెబ్బ తప్పి మళ్లీ సర్దుకుంటే అది చాలామందిలో ఉండేదే. తర్వాత వెళ్లినప్పుడు డాక్టర్‌కు చెబితే సరిపోతుంది. ఏ వరసా లేకుండా నడుస్తున్నా, ఊరికే కూర్చున్నప్పుడు కూడా 110 దాటి తగ్గకపోయినా, బాగా నెమ్మదించి కళ్లు తిరుగుతున్నా అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయాలి, ఈసీజీ తీయించాలి. వాల్వు ఆపరేషన్ తర్వాత కొద్దిమందిలో గుండె విద్యుత్ మార్గం దెబ్బతిని నాడి నెమ్మదించవచ్చు. అలాంటివారిలో కొందరికి పేస్‌మేకర్ అవసరమవుతుంది. అందుకే తక్కువ నాడినీ తేలిగ్గా తీసుకోవద్దు. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, మూతి వంకర పోయినా, ఒక వైపు చెయ్యి కాలు పట్టు తప్పినా, మాట తడబడినా వెంటనే 108. చక్కెర నీళ్లు కాదు. గంట చూద్దాం అనుకోవడం అసలే కాదు.

బీపీ మిషన్లలో కొన్ని నాడి క్రమం తప్పితే గుర్తు చూపిస్తాయి. చేతి గడియారాలు కొన్ని ఈసీజీ కూడా తీస్తున్నాయి. ఉంటే వాడుకోండి, లేకపోతే బాధపడకండి. అవి చెప్పేదీ అనుమానమే. తేల్చేది డాక్టర్ చూసిన ఈసీజీ.

మందుల దగ్గర జరిగే పొరపాట్లు

నా అనుభవంలో ఇంట్లో లయ మళ్లీ తప్పడానికి ముందు చాలాసార్లు ఏదో ఒక మందు ఆగి ఉంటుంది. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలు 'బీపీ మాత్రే కదా, బీపీ బాగానే ఉంది' అని మానేస్తారు. అది బీపీ కోసమే ఇచ్చింది కాదు. ఉన్నట్టుండి ఆపితే గుండె వేగం తిరగబెట్టవచ్చు. దీనికి వ్యతిరేకంగా, కొద్ది వారాల కోసం రాసిన ఎమియోడరోన్‌ను పాత చీటీ చూపించి నెలల తరబడి కొనుక్కునేవారూ ఉన్నారు. ఆ మందు ఎక్కువకాలం వాడితే థైరాయిడ్, కాలేయం పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఏ మాత్ర ఎందుకోసం, ఎప్పటిదాకా అన్న రెండు ప్రశ్నలు డిశ్చార్జి రోజునే అడిగి, ఆ మాత్ర పక్కనే మీ భాషలో రాయించుకోండి.

రక్తం పలచబరిచే మందు సంగతి మరీ జాగ్రత్త. ఆపరేషన్ తర్వాత లయ తప్పినవారికి, రక్తస్రావం భయం లేదనుకున్నప్పుడు, సుమారు 60 రోజులు ఈ మందు ఇచ్చి తర్వాత అవసరాన్ని మళ్లీ చూడటం సబబని 2023లో అమెరికా గుండె వైద్య సంఘాలు వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందరికీ అవసరం కాదు. ఎవరికివ్వాలో వయసు, బీపీ, షుగర్, కిడ్నీ, గతంలో పక్షవాతం లాంటివి చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. మీరు అడగాల్సిందల్లా: 'నాకు ఇచ్చారా, ఇవ్వలేదా, ఎందుకు?'

లోహపు వాల్వు పెట్టించుకున్నవారు వార్ఫరిన్ లేదా అసినోకౌమరాల్ జీవితాంతం వాడాలి. 'మా చుట్టం కొత్త మాత్ర వాడుతున్నాడు, రక్తపరీక్షలు అక్కర్లేదట' అని మార్చుకోవద్దు. అలాంటి కొత్త మందుల్లో ఒకటైన డాబిగట్రాన్‌ను లోహపు వాల్వులున్నవారి మీద పరీక్షించి, హాని ఎక్కువగా కనిపించడంతో మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. రుమాటిక్ గుండె జబ్బుతో పాటు లయ తప్పినవారిలో కూడా పాత తరహా మందే మెరుగని 2022లో మరో పెద్ద అధ్యయనం చూపింది. ఈ మందు వాడేవారు ఐఎన్ఆర్ పరీక్ష మానకూడదు. పాలకూర, తోటకూర, గోంగూర పూర్తిగా మానేయాల్సిన పని లేదు. ఒక వారం అసలు తినకుండా, మరో వారం రోజూ తింటేనే ఇబ్బంది. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని వేసుకోవద్దు. యునానీ, ఆయుర్వేద మందులు వాడుతుంటే దాచకుండా గుండె డాక్టర్‌కు చెప్పండి.

ఉపవాసాల మాటా ఇక్కడే. రంజాన్ అయినా, ఏకాదశి అయినా, ఆపరేషన్ అయిన కొత్తలో మీ అంతట మీరు నిర్ణయం తీసుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గినా, మాత్రల వేళ తప్పినా గుండె లయకు మంచిది కాదు. తర్వాతి రోజుల్లో చాలామందికి సెహ్రీ, ఇఫ్తార్ వేళలకు మందులు సర్దవచ్చు. ఆ సర్దుబాటు డాక్టర్ చేయాలి, మనం కాదు.

భయపెడుతున్నానా?

నా తోటి వైద్యుల్లో కొందరు దీనికి అభ్యంతరం చెబుతారు. 'నాడి చూసుకోమంటే జనం రోజుకు ఇరవైసార్లు చూసుకుంటారు, భయంతోనే దడ తెచ్చుకుంటారు, అర్ధరాత్రి ఫోన్లు చేస్తారు' అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. అలాంటి రోగుల్ని నేనూ చూశాను. అందుకే రోజుకు రెండుసార్లే, రెండు నెలలే అంటున్నాను. కానీ భయం తెలియడం వల్ల రాదు, సగం తెలియడం వల్ల వస్తుంది. ఆసుపత్రిలో లయ తప్పిందన్న విషయం ముందే చెప్పి, ఏం చూడాలో, ఎప్పుడు పిలవాలో నేర్పితే ఇంట్లోవాళ్లు నిబ్బరంగా ఉంటారు. చెప్పకుండా పంపితే దడ వచ్చిన రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ దిక్కు తోచదు. లేదా నా మిత్రుడిలా 'గట్లనే ఉంటది' అని సరిపెట్టుకుంటారు.

ఇంకో అభ్యంతరం ఉంది. చాలామందికి తగ్గిపోయేదానికి ఇంత హడావుడి ఎందుకని. ఇల్లు వదిలి వెళ్తూ తాళం వేసేది రోజూ దొంగ వస్తాడని కాదు కదా. నిమిషం పాటు నాడి చూడటానికి ఖర్చు లేదు. దీనివల్ల అనవసరమైన మందులేమీ పెరగవు. నాడి సమంగా ఉందని రెండు నెలల లెక్క చూపిస్తే, రక్తం పలచబరిచే మందు ఇంకా కావాలా వద్దా అని ఆలోచించేటప్పుడు డాక్టర్‌కు అదీ ఒక ఆధారం అవుతుంది. లయ చాటుగా కూడా తప్పగలదు కాబట్టి ఈసీజీ మాత్రం మానకూడదు.

వ్యవస్థ చేయాల్సింది

భారమంతా రోగి మీద, రోగి కూతురి మీద వేసి ఊరుకోవడం న్యాయం కాదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదవాడికి గుండె ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఇది చిన్న విషయం కాదు. ఒకప్పుడు ఇల్లు అమ్ముకుంటే తప్ప జరగని ఆపరేషన్ ఇవాళ కార్డు మీద జరుగుతోంది. కానీ ఆపరేషన్‌కు లక్షలు వెచ్చించి, దాని తర్వాత ఒక్క ఈసీజీ కోసం మనిషి నగరం ఈ చివర నుంచి ఆ చివరికి రెండు బస్సులు మారాల్సి రావడం ఏం లెక్క? కూలికి వెళ్లే కొడుకు ఆ రోజు కూలి పోగొట్టుకుని తండ్రిని తీసుకెళ్లాలి. రెండోసారి తీసుకెళ్తాడు. మూడోసారి 'బాగానే ఉన్నాడుగా' అంటాడు. అతణ్ని నేను తప్పుపట్టను.

నేను కోరేది మూడు చిన్న పనులు. ఒకటి, ఆపరేషన్ తర్వాత లయ తప్పినవారి డిశ్చార్జి కాగితం మీద, మొదటి పేజీలోనే, పెద్ద అక్షరాలతో, తెలుగులోనూ ఉర్దూలోనూ ఆ మాట రాయాలి. ఎన్నో రోజున తప్పింది, ఇంటికి వెళ్లేటప్పుడు నాడి ఎంత ఉంది, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఉండాలి. రెండు, 2018 నుంచి నగరంలో నడుస్తున్న బస్తీ దవాఖానాలను ఈ పనికి వాడుకోవాలి. అవి ఇంటికి దగ్గర. అక్కడ డాక్టర్ ఉంటారు, నర్సు ఉంటారు. గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చినవారి పేర్లు అక్కడికి చేరాలి. వారానికోసారి నాడి, బీపీ చూసి, అవసరమైతే ఈసీజీ తీసి ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్లో పంపే ఏర్పాటు ప్రతి చోటా ఉండాలి. వార్ఫరిన్ వాడేవారి ఐఎన్ఆర్ కూడా అక్కడే చూడగలిగితే మరీ మంచిది. మూడు, నెల నుంచి రెండు నెలల మధ్య గుండె లయను తప్పనిసరిగా మళ్లీ పరీక్షించాలి. అది రోగి ఓపిక మీద, గుర్తు మీద ఆధారపడకూడదు. ఆసుపత్రే పిలవాలి.

వీటిలో ఏదీ కొత్త యంత్రం కాదు, కొత్త భవనం కాదు. పని ఎవరిదో తేల్చడం మాత్రమే.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ మధ్య గుండె ఆపరేషన్ జరిగి ఉంటే ఇవాళ రెండు పనులు చేయండి. డిశ్చార్జి కాగితాల సంచి తీసి ప్రతి పేజీ చదవండి. అర్థం కాకపోతే చదవగలిగిన వారి దగ్గరికి తీసుకెళ్లండి. ఫిబ్రిలేషన్ అన్న మాట కనిపిస్తే మీ డాక్టర్‌ను దాని గురించి అడగండి. తర్వాత ఆయన పక్కన కూర్చుని ఒక నిమిషం నాడి చూడండి. రేపు మీరు పండ్లు పట్టుకుని ఎవరినైనా చూడటానికి వెళ్లినా అదే చేయండి. ఎలాగూ చెయ్యి పట్టుకునే పలకరిస్తాం. ఇంకొక్క నిమిషం వదలకుండా పట్టుకోండి.

గౌలిపురాలోని ఆ ఇంటికి ఇప్పటికీ వెళ్తుంటాను. వాళ్ల గోడ మీది క్యాలెండర్‌లో ప్రతి తేదీ పక్కనా ఆయన కూతురు రాసిన అంకెలు ఉంటాయి. నేను వెళ్లగానే ఆయన ఎడమచెయ్యి నా ముందు పెడతారు. నేను గడియారం చూస్తూ నిమిషం లెక్కపెడతాను. ఆ తర్వాతే మా మధ్య మాటలు.